‘బ్యాకింగ్‌కు సిద్ధం’ అని అమ్మే వింటి కర్ర: కలపకు మంచి మార్కులే, ఉపరితలానికి మాత్రం కాదు

కలప వెతకడం, కోయించడం, నెలల తరబడి ఆరబెట్టడం వంటి పనులేవీ లేకుండా, నేరుగా జిగురు పెట్టే దశ నుంచి విల్లు తయారీ మొదలుపెట్టవచ్చన్న హామీతో అమ్ముతున్న కట్ట ఇది. ఇందులో 183 సెంటీమీటర్ల పొడవున్న, ఐపే అనే గట్టి కలప కర్ర, దాని వీపున అతికించడానికి లోపలివైపు చదును చేసిన వెదురు బద్ద, అంచున సన్నని పళ్లున్న ఒక ఉక్కు బిళ్ల, నాలుగు పేజీల సూచనల కాగితం ఉన్నాయి. కర్రకు అంటించిన చీటీ మీద ‘బ్యాకింగ్‌కు సిద్ధం’, అంటే వీపున మరో పొర అతికించడానికి సిద్ధం, అని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. కలప విషయంలో, వెదురు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఉక్కు బిళ్ల కూడా మంచిదే, కాకపోతే అమ్మకందారు చెప్పిన కారణానికి కాక వేరొక కారణానికి. చీటీ మీది హామీ మాత్రం నిలబడలేదు. జిగురు పట్టాల్సిన ముఖాన్ని ఎక్కడో తయారుచేసి, ప్లాస్టిక్ పొరలో చుట్టి, కొన్ని వారాల తరవాత కొనుగోలుదారు చేతికి ‘సిద్ధంగా’ అందించడం అసలు సాధ్యమయ్యే పని కాదని ఈ కట్టతో పనిచేశాక నాకు కలిగిన అభిప్రాయం.

విల్లును లాగినప్పుడు గురి వైపు ఉండే వీపు సాగుతుంది, విలుకాడి వైపు ఉండే పొట్ట నొక్కుకుపోతుంది. వీపు మీద ఒక్క నార తెగి లేచినా ఆ చీలిక అక్కడితో ఆగదు, తరచుగా విల్లు మొత్తాన్ని రెండు ముక్కలు చేస్తుంది. సాగుడును బాగా ఓర్చుకునే పదార్థాన్ని వీపున అతికించడం అందుకే. వెదురు బయటి పొరలోని నార ఈ పనికి అద్భుతంగా సరిపోతుంది కానీ, ఆ బలమే పొట్టకు శత్రువు కూడా కావచ్చు. నొక్కుడును తట్టుకోలేని మెత్తటి కలప మీద వెదురు అతికిస్తే పొట్టలో అడ్డగీతల్లా ముడతలు పడి విల్లు చచ్చుబడిపోతుంది. నీటితో దాదాపు సమానమైన, కొన్నిసార్లు అంతకు మించిన సాంద్రత ఉన్న ఐపే అటువంటి నొక్కుడుకు లొంగే రకం కాదు. కాబట్టి జోడీని ఎంచుకోవడంలో అమ్మకందారుకు విషయం తెలుసు. ఈ రెండు పదార్థాలూ వంగిన ప్రతిసారీ ఒకదాని మీద ఒకటి జారాలని చూస్తాయి. వాటిని జారనీయకుండా పట్టి ఉంచేది వెంట్రుక మందం కూడా లేని జిగురు పొర ఒక్కటే గనుక, ఆ పొర కూర్చునే ముఖం ఎలా ఉందన్నదే ఈ కట్ట విలువను తేల్చే ప్రశ్న.

ముందుగా కర్ర సంగతి. వెడల్పు 38 మిల్లీమీటర్లు. మందం పిడి దగ్గర 14 మిల్లీమీటర్లతో మొదలై రెండు కొసల వైపు క్రమంగా 8 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. వీపు ముఖాన్ని తిన్నగా ఉంచి, తగ్గింపంతా పొట్టవైపు నుంచే చేశారు. జిగురు పెట్టేటప్పుడు కర్రను అచ్చు మీద వెనక్కి కాస్త వంచి ఆరబెట్టదలచినవారికి ఈ తగ్గింపు ఎంతో మేలు చేస్తుంది. లేకపోతే ఇంత గట్టి కలపను క్లాంపులతో వంచడం పెద్ద తగవు. వెడల్పును మాత్రం కొసల దగ్గర కూడా తగ్గించకుండా వదిలేశారు, అదీ సరైన నిర్ణయమే. పక్క అంచులు సమాంతరంగా ఉంటే బద్దను కర్ర మీద సరిగ్గా నిలబెట్టడం తేలిక, వింటి ఆకారాన్ని జిగురు ఆరాక కోసుకోవచ్చు. పక్కల నుంచి చూస్తే నార ఈ చివర నుంచి ఆ చివర దాకా కర్ర వెంబడే నడిచింది, పక్కకు దారితప్పి అంచు దాటిపోయిన చోటు ఒక్కటీ లేదు. ముడులు లేవు. రెండు కొసలకూ మైనం పూసి ఉండడంతో పగుళ్లు రాలేదు.

తేమ 8 శాతం అని చీటీ చెబుతోంది. దీన్ని నమ్మడానికి మీటరు కొనాల్సిన పని లేదు, చిన్న వస్తువులు తూచే ఎలక్ట్రానిక్ కాటా చాలు. కర్ర బరువు 900 గ్రాములకు కొద్దిగా తక్కువ కాబట్టి తేమలో 1 శాతం మార్పు అంటే బరువులో సుమారు 8 గ్రాముల మార్పు. పని చేయబోయే గదిలోనే కర్రనూ బద్దనూ పక్కపక్కన ఉంచి, బరువు రోజూ ఒకేలా కనిపించేదాకా ఆగితే రెండూ ఆ గాలికి అలవాటు పడ్డట్టే. గాలిలో తేమ 50 శాతం ఉన్నచోట చాలా కలపలు 9 శాతం దగ్గర, 65 శాతం ఉన్నచోట 12 శాతం దగ్గర స్థిరపడతాయి. కట్టలోని కర్ర కంటే వెదురు బద్ద ఆలస్యంగా నిలకడకు వచ్చిందన్నది గమనించదగ్గ విషయం. తేమ తేడా ఉన్న రెండింటిని తొందరపడి అతికిస్తే, ఒకటి తరవాత కుంచించుకుని జిగురు పొరను నిత్యం లాగుతూ ఉంటుంది; విల్లు ఎక్కుపెట్టకముందే దానిలో ఒత్తిడి చేరిపోతుంది. సూచనల కాగితంలో ఈ నిరీక్షణ గురించి ఒక్క వాక్యం కూడా లేకపోవడం లోపమే.

ఇక అసలు ముఖం. ప్లాస్టిక్ పొర విప్పగానే కర్ర వీపు నున్నగా, కాస్త మెరుస్తూ, చూడ ముచ్చటగా ఉంటుంది. మామూలు గది వెలుతురులో చూస్తే దానికి వంక పెట్టడం కష్టం. గదిని చీకటి చేసి, టార్చిలైటును కర్ర చివర దాదాపు ఆనించి, వెలుగు ముఖం వెంబడి ఏటవాలుగా పారేలా పెడితే మరో రూపం కనిపిస్తుంది. మొదట కనిపించేవి కర్రకు అడ్డంగా, సుమారు 2 మిల్లీమీటర్ల ఎడంతో, ఒకదాని వెనక ఒకటి వరస కట్టిన చిన్న అలలు. తిరిగే బ్లేడ్ల యంత్రపు చిత్రిక ప్రతి దెబ్బకూ వదిలే జాడ అది. అలల శిఖరాలు కొన్నిచోట్ల అద్దంలా మెరిశాయి, అంటే బ్లేడు అక్కడ కోయడం మాని రుద్దింది. మొద్దుబారిన బ్లేడు కలప పై పొరలోని కణాలను నలిపి, అణిచి, వాటి నోళ్లను మూసేస్తుంది. అలాంటి చోట జిగురు లోపలికి దిగదు. నలిగిన ఆ పొరను మాత్రమే పట్టుకుని కూర్చుంటుంది, బలం పడినప్పుడు ఆ పొరతో సహా ఊడి వస్తుంది.

అంతకంటే ఇబ్బంది పెట్టింది కొసల సంగతి. యంత్రంలోకి కర్ర వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు ఒక్క రోలరు పట్టులోనే ఉండడం వల్ల చివరి 6, 7 సెంటీమీటర్ల మేర కాస్త ఎక్కువ లోతుగా తెగడం వడ్రంగులందరికీ తెలిసిన బాధే. ఈ కర్రకు రెండు చివర్లా అది ఉంది. ఉక్కు స్కేలును ముఖం మీద అంచున నిలబెట్టి చూస్తే కొస దగ్గర కింద నుంచి వెలుతురు గీత కనిపించింది, మామూలు కాగితాన్ని రెండు మడతలుగా పెట్టినా అడుగున సులువుగా జారింది. కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు కనుక లోటు 0.2 మిల్లీమీటర్లకు తక్కువ లేదన్నమాట. వినడానికి ఇది అల్పంగా తోచవచ్చు. కానీ బద్ద అతి పలుచగా ఉండేదీ, కొప్పు (అల్లెత్రాటిని తగిలించే గాడి) కోసేదీ, అల్లెత్రాటి లాగుడు నేరుగా వచ్చి పడేదీ ఆ కొసల్లోనే. బ్యాకింగ్ ఊడడం మొదలైతే ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. పోనీ ఆ చివర్లను కోసి పారేద్దామంటే కర్ర పొడవు సరిగ్గా పూర్తయిన వింటి పొడవే అయి కూర్చుంది. ఒక్కో చివరా నాలుగు వేళ్ల పొడవు అదనంగా ఇచ్చి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

కంటికి కనిపించని దోషాన్ని పట్టించేది ఒక నీటి చుక్క. అమెరికా అటవీశాఖకు చెందిన ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీ కలప అతుకుల గురించి ఇచ్చే సలహాల్లో ఇదొకటి: ముఖం మీద చిన్న చుక్క వేసి 30 సెకండ్లు చూడాలి, చుక్క పరుచుకుని ఇంకితే జిగురు తడుపుతుంది, ముత్యంలా నిలబడితే తడపదు. పొర విప్పిన వెంటనే వేసిన చుక్క ఈ కర్ర మీద అంచులు గుండ్రంగా తిరిగి, 30 సెకండ్లు దాటినా కదలకుండా నిలబడింది. పక్కనే కొద్ది చోటును పదునైన స్క్రేపరుతో గీకి, ఆ తాజా చెక్క మీద మరో చుక్క వేస్తే అది వెంటనే చదునుగా పరుచుకుని, నార వెంబడి రెండు వైపులా సన్నగా పాకింది. రెండు చుక్కల మధ్య దూరం బొటనవేలి వెడల్పు కూడా లేదు. కలపలో తేడా లేదు, ముఖం వయసులోనే తేడా. కోసిన కలప నిలవ ఉన్నకొద్దీ లోపలి నూనెలు, బంకలు మెల్లగా పైకి చేరతాయి, గాలిలోని దుమ్మూ జిడ్డూ వచ్చి కలుస్తాయి. చిత్రిక పట్టిన 24 గంటల లోపే జిగురు పెట్టడం మంచిదని ఆ సంస్థ చెప్పడం అందుకే. ఐపే వంటి నూనె కలపలకు ఆ గడువు కూడా ఎక్కువేనని విల్లు చేసేవారు చాలామంది అంటారు, వారితో నేను ఏకీభవిస్తాను. వారాల క్రితం సిద్ధమైన ముఖం ఈ లెక్కన సిద్ధమైనది కాదు.

ఇప్పుడు ఉక్కు బిళ్ల. అరచేతిలో ఇమిడే పరిమాణం, ఒక అంచున దాదాపు మిల్లీమీటరుకొకటి చొప్పున పళ్లు. కర్ర మీద పొడవునా గీతలు గీసి జిగురుకు ‘ఎక్కువ పట్టు’ కల్పించడానికి ఇది ఉద్దేశించినదని సూచనల కాగితం చెబుతోంది. వెనీర్ అనే పలుచటి చెక్క పొరను అతికించే పాత తరం వడ్రంగులు వాడిన పళ్ల చిత్రికకు ఇది చిన్న రూపం. ఆ చిత్రికలో బ్లేడు దాదాపు నిటారుగా నిలబడి ఉంటుంది, ఈ బిళ్లనూ అలాగే నిలబెట్టి లాగాలి. గీతల వల్ల అతుకు విస్తీర్ణం కొంత పెరిగే మాట నిజమే. కానీ నేటి ఎపాక్సీ వంటి జిగురులకు, తాజాగా, శుభ్రంగా, చదునుగా ఉన్న ముఖమైతే ఆ అదనపు విస్తీర్ణం అవసరం పెద్దగా ఉండదు. పైగా కాగితంలో చెప్పినట్టు ‘బలంగా నొక్కి లోతుగా’ గీస్తే, వెదురు బద్దకు కూడా గీతలు ఉన్నప్పుడు గీతల అడుగున గాలి చిక్కుకుంటుంది, ఆ పల్లాలను జిగురు పూర్తిగా నింపుతుందన్న నమ్మకం ఉండదు.

బిళ్ల అసలు విలువ వేరు. ఐపేలో నార ఒక పొరలో ఇటు, మరో పొరలో అటు మొగ్గుతూ పెనవేసుకుని ఉంటుంది కాబట్టి మామూలు చిత్రికను ఏ వైపు నుంచి పట్టినా ఎక్కడో ఒకచోట ఎదురు తగిలి, చెక్క పెచ్చులుగా లేచి గుంటలు పడతాయి. పళ్ల అంచుకు ఆ బెడద లేదు. ఒక్కో పన్ను ఒక్కో సన్నని దారిని మాత్రమే గీకుతుంది గనుక పెచ్చును పట్టుకుని లేపేంత వెడల్పు దానికి ఉండదు. కర్రను పొడవునా కొంచెం ఏటవాలుగా ఒకసారి, దాన్ని ఖండిస్తూ మరో దిశలో ఇంకోసారి తేలిగ్గా లాగితే యంత్రం వదిలిన అలలు కరిగిపోతాయి, మెరిసే పట్టీలు మాయమవుతాయి, మెత్తటి పసుపుపచ్చని పొట్టు రాలుతుంది. ఎక్కడ గీతలు పడలేదో అక్కడ పల్లం ఉన్నట్టు కంటికే తెలుస్తుంది. ఆ రకంగా ఇది కొలత సాధనం కూడా. కొసల దగ్గరి గుంట ఎంత దూరం వ్యాపించి ఉందో నాకు కచ్చితంగా చూపించింది ఉక్కు స్కేలు కాదు, ఈ బిళ్లే. ముఖమంతా ఒకే తీరున గీతలు పరుచుకునేదాకా మధ్యభాగాన్ని తగ్గించుకుంటూ వచ్చి, చివర్లో పదునైన స్క్రేపరుతో గీతల శిఖరాలను తేలిగ్గా కొట్టివేస్తే, కంటికి కనీకనిపించని గరుకు మిగులుతుంది. క్లాంపులు మరీ బిగిసినప్పుడు జిగురంతా బయటికి కారిపోకుండా ఆ గరుకు కొంచెం కాపాడుతుంది. జిగురు లేక పస్తున్న అతుకు అతికినట్టే కనిపిస్తుంది, లాగాకగాని దాని బండారం బయటపడదు.

బిళ్ల తయారీలో ఒక లోపం ఉంది. పళ్లను కోసిన తరవాత మిగిలిన ఉక్కు ముళ్లను తీయకుండానే పంపారు. అవి మొదటి లాగుడులోనే అడ్డదిడ్డమైన లోతైన గీతలు పెడతాయి. చదునైన సానరాయి మీద బిళ్ల రెండు ముఖాలనూ కాసేపు రుద్దితే అవి పోయి, పళ్లు ఒకే ఎత్తుకు వస్తాయి. ఈ కట్ట కొననివారు అంగుళానికి 24 పళ్లుండే హ్యాక్సా బ్లేడు ముక్కను ఒక చెక్కపేడులో బిగించి వాడుకున్నా పని జరుగుతుంది, కాకపోతే హ్యాక్సా పళ్లు చెరొక పక్కకూ ఒంగి ఉంటాయి గనుక చేయి మరింత తేలిగ్గా ఉండాలి.

చదును విషయంలో ఒక్కటి చెప్పి ముందుకు వెళతాను. నిడివిన తిన్నగా ఉండడం వేరు, మెలి లేకుండా ఉండడం వేరు. రెండు చివర్లా అడ్డంగా రెండు సమానమైన తిన్నని పుల్లలను పెట్టి, ఒక చివర నుంచి చూస్తూ రెండింటి పై అంచులూ కలుస్తున్నాయా అని సరిచూడాలి. ఈ కర్రలో మెలి దాదాపు లేదు. నిడివిన ఉన్న కాస్తంత వంపును పట్టించుకోనక్కరలేదు, సన్నటి కర్ర, పలుచటి బద్ద క్లాంపు కింద ఎలాగూ ఒంగి కలుస్తాయి. పట్టించుకోవాల్సింది అడ్డంగా ఉండే ఉబ్బును. కర్ర ముఖం మధ్యలో ఉబ్బి ఉంటే అంచుల్లో సందు మిగులుతుంది. క్లాంపుతో అణిచి మూసినా అది తెరుచుకోవాలని చూస్తూనే ఉంటుంది. శాండ్‌పేపరును చేత్తో పట్టి రుద్దేవారు ఈ ఉబ్బును తమకు తెలియకుండానే తయారుచేస్తారు, ఎందుకంటే వేళ్ల కింద కాగితం అంచుల దగ్గర ఒంగి ఎక్కువ తింటుంది. శాండ్‌పేపరే వాడదలిస్తే దాన్ని పొడవైన చదును పలకకు అంటించి, కర్ర మీద అడ్డంగా పెన్సిలు గీతలు గీసుకుని, అవన్నీ ఒకేసారి చెరిగేదాకా నడపాలి.

సూచనల కాగితంలో నాకు అత్యంత అభ్యంతరకరంగా తోచింది నూనె తుడిచే భాగం. అసిటోన్‌తో కర్రను తుడవమని చెప్పడం సరైనదే. తెల్లని గుడ్డకు అసిటోన్ పట్టించి ఐపే మీద ఒక్కసారి నడిపితే గుడ్డ పసుపుపచ్చగా మారుతుంది. రెండోసారి, మూడోసారి కొత్త గుడ్డతో తుడిచినకొద్దీ రంగు పలుచబడుతుంది. ఆ పసుపు ఐపే రంధ్రాల్లో పొడిలా ఉండే లపాకోల్ అనే పదార్థానిది, క్షారం తగిలితే అదే ఎర్రగా మారుతుంది. అయితే తుడిచాక ‘రాత్రంతా ఆరనిచ్చి, మరునాడు జిగురు పెట్టండి’ అని కాగితం చెబుతోంది. అసిటోన్ నిమిషాల్లో ఆవిరైపోతుంది. రాత్రంతా ఆగితే జరిగేది లోపలి నూనె మళ్లీ పైకి చేరడమే, అంటే తుడిచిన పని వృథా. గీకడం, తుడవడం, గుడ్డ శుభ్రంగా వచ్చాక కొద్దిసేపు ఆరనిచ్చి జిగురు పూయడం, ఇవన్నీ విరామం లేకుండా ఒకే విడతలో జరగాలి. తుడిచిన ముఖాన్ని మళ్లీ వేలితో తాకకూడదన్న మాట కూడా కాగితంలో లేదు. చేతి జిడ్డు చాలు జిగురును తప్పించడానికి. ఐపే పొట్టు చాలామందికి చర్మం మీద, శ్వాసలో ఇబ్బంది కలిగిస్తుంది, అసిటోన్ ఆవిరి మంట అంటుకునే రకం; మాస్కు, గాలి ఆడే గది, దగ్గర్లో నిప్పు లేకపోవడం తప్పనిసరి. ఈ హెచ్చరికలు కాగితం చివరి పేజీలో చాలా చిన్న అక్షరాల్లో ఉన్నాయి, మొదటి పేజీలో ఉండాల్సినవి.

వెదురు బద్ద ఈ కట్టలో అన్నిటికంటే నమ్మకంగా చేసిన వస్తువు. కోసిన చివరను తడిపి దగ్గరగా చూస్తే వెదురులో నార కట్టలు నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. బయటి చర్మం వైపు అవి ఒకదానికొకటి ఆనుకుని కిక్కిరిసి ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ ఎడంగా చెదిరిపోయి మధ్యలో మెత్తటి గుజ్జు ఎక్కువవుతుంది. బద్ద లోపలి ముఖం ఆ మెత్తటి భాగంలో ఉంటే జిగురు ఎంత మంచిదైనా పట్టుకునేది గుజ్జునే. ఇక్కడ బద్దను నడుమ 3.5 మిల్లీమీటర్లకు, కొసల్లో 2 మిల్లీమీటర్లకు తగ్గించారు గనుక అతుకు ముఖం చుక్కలు దట్టంగా ఉన్నచోటే వచ్చింది. కణుపుల దగ్గర బయటి ఉబ్బును కొట్టివేయకుండా వదిలేశారు. కొత్తగా చేసేవారు అందం కోసం ఆ ఉబ్బును చదును చేయాలని చూస్తారు, చేస్తే సరిగ్గా కణుపు దగ్గరే నార తెగుతుంది. లోపలి ముఖం యంత్రపు బెల్టు మీద రుద్దినది కాబట్టి దానికీ తాజా గీకుడు అవసరమే, అయితే వెదురుకు నూనె బెడద తక్కువ. పళ్ల బిళ్లను దీనిమీద వాడవద్దు. నార చారలుగా లేస్తుంది. స్క్రేపరు చాలు.

జిగురు, క్లాంపుల గురించి కాగితం చెప్పినది సబబుగానే ఉంది. రెండు ముఖాలకూ పూయమంటుంది, 5 నుంచి 6 సెంటీమీటర్లకు ఒక క్లాంపు చొప్పున పెట్టమంటుంది, పక్కలనుంచి జిగురు పూసల్లా వరసగా బయటికి వచ్చిందో లేదో చూడమంటుంది. క్లాంపులు అన్ని లేనివారు పాత ట్యూబు రబ్బరును పట్టీలుగా కోసి చుట్టుకోవచ్చు, ఒత్తిడి అంతటా సమంగా పడుతుంది కూడా.

నాలుగో పేజీలో మాత్రం అమ్మకందారు హద్దు దాటారు. ఈ కర్ర ‘ఏ బ్యాకింగ్‌కైనా’ పనికొస్తుందని, వెదురు వద్దనుకుంటే స్నాయువు (జంతువుల కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే నార) గానీ పచ్చితోలుగానీ నారబట్టగానీ అతికించుకోవచ్చని రాశారు. ఇది ప్రమాదకరమైన మాట. వెదురు బద్ద, హికరీ అనే కలప బద్ద వంటివి సాగుడును తామే మోస్తాయి కాబట్టి కింది కలపలో వార్షిక వలయాలు తెగి ఉన్నా సర్దుకుంటాయి. పచ్చితోలు, నారబట్ట అలా మోయవు, లేవబోయే పెచ్చును అణిచి పట్టడమే వాటి పని. వాటి కింద ఉండే కర్ర తనంతట తానే దాదాపు విల్లుగా నిలబడగలగాలి, అంటే వీపున నార చివరి దాకా తెగకుండా ఉండాలి, అంచులు గుండ్రంగా తీర్చి ఉండాలి. యంత్రంతో చదును చేసి, పదునైన మూలలతో వదిలేసిన ఈ ముఖం ఆ పనికి తగినది కాదు.

స్నాయువు కథ మరీ వేరు. ఎండేకొద్దీ కుంచించుకుని విల్లును వెనక్కి లాగే ఆ పదార్థానికి తోలు జిగురో చేప జిగురో కావాలి. తోలు జిగురును సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో వాడతారు, అంతకు బాగా మించితే దాని బలం తగ్గిపోతుంది. కర్రకు ముందుగా ఆ జిగురునే పలుచగా, పొర మీద పొరగా తాగించాలి. నూనె నిండిన ఐపే దాన్ని తాగదు. కొమ్ము, స్నాయువు కలిపి విల్లు కట్టిన తుర్కీ పనివారు నడిమి చెక్కకు మేపుల్‌ను ఎంచుకుని, పళ్ల గీకుడుతో దాని ముఖానా కొమ్ము ముఖానా నిడివిన చాళ్లు తీసి, రెండింటినీ చేప జిగురుతో అతికించేవారు. లోతైన గీతలకు అర్థం ఉన్నది అక్కడ, ఎందుకంటే ఒకదాని గట్లు మరొకదాని చాళ్లలోకి దిగి కూర్చుంటాయి, చదునైన వెదురు బద్దతో అది కుదరదు. ఈ కట్టలోని సూచనలు ఆ సంప్రదాయం నుంచి గీతలను మాత్రం తీసుకుని, అవి ఎందుకు గీశారన్నది వదిలేసినట్టు ఉన్నాయి.

పైన చెప్పిన తీరున ముఖాన్ని మళ్లీ సిద్ధం చేసుకుని అతికించిన విల్లు ఇప్పుడు వాడకంలో ఉంది. ఆకారం కోశాక పక్క అంచులను నున్నగా తీర్చి భూతద్దంతో చూస్తే జిగురు గీత పిడి నుంచి కొప్పు దాకా ఒకే సన్నదనంతో, ఎక్కడా నల్లటి సందు లేకుండా కనిపిస్తోంది. ఎక్కుపెట్టినప్పుడు గానీ, పూర్తిగా లాగినప్పుడు గానీ టిక్కుమన్న చప్పుడు లేదు. ఇందులో అమ్మకందారు ఎంపిక చేసిన కలపకూ బద్దకూ పెద్ద వాటా ఉంది. చిత్రిక, స్క్రేపరు పట్టడం వచ్చినవారు, మంచి ఐపే దొరకక ఇబ్బంది పడుతున్నవారు ఈ కట్టను నిశ్చింతగా తీసుకోవచ్చు. స్క్రేపరుకు సాన పట్టడం ఇంకా నేర్చుకోనివారు, చీటీ మీది హామీని నమ్మి పొర విప్పిన రోజే జిగురు కలపాలనుకునేవారు తీసుకోకపోవడమే మేలు.

అమ్మకందారు వీపు ముఖాన్ని నున్నగా చేసే శ్రమ పూర్తిగా మానేసి, రంపం దిగిన గరుకుతోనే ఒక మిల్లీమీటరు మందం ఎక్కువగా, 10 సెంటీమీటర్ల పొడవు ఎక్కువగా పంపితే ఈ కట్ట ఇప్పటికంటే బాగుంటుంది. పళ్ల బిళ్ల ఎలాగూ లోపల ఉంది. దాన్ని వాడాల్సిన తీరును, తుడిచిన వెంటనే జిగురు పెట్టాలన్న సంగతిని సరిచేసి, నాలుగో పేజీని తీసేస్తే సూచనల కాగితం మూడు పేజీలతో సరిపోతుంది.